టిప్పా, కూలా?

మా కొత్తపేటలో దింపు తీసేవాళ్లకి కూలి మీద రెండు కాయలిచ్చేది అమ్మ. ఇవ్వకపోతే పిసినారి అనుకుంటారు గానీ వాళ్ల పొయ్యి ఆరిపోదు. బారులో ఎంతివ్వాలో మాత్రం మన ఆడపిల్లలకి ఎవరు చెబుతారు?

అమెరికాలో చదువుతున్న మా పిన్ని కూతురు చెప్పింది. గ్లాసుకి ఒకటో రెండో డాలర్లు, లేదా బిల్లులో 15 నుంచి 20 శాతం. "అది దయ కాదక్కా, జీతం" అంది. నిజమే. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం టిప్పులొచ్చే పనివాళ్లకి యజమాని గంటకి 2.13 డాలర్లిస్తే చాలు. కనీస వేతనం 7.25కి తక్కువైనది టిప్పులతో నిండాలి. 1991 నుంచీ ఆ 2.13 కదల్లేదు. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాలే పూర్తి వేతనం ఇప్పిస్తున్నాయి. మిగతాచోట్ల కూలి తాగేవాడి దయ. కౌంటర్ వెనక ఉన్నది స్త్రీ అయితే ఆ నోటుకి బదులు నవ్వు కూడా కావాలి.

మన దేశంలో, ఢిల్లీలో, బారుల్లో స్త్రీలు పనిచేయకూడదన్న 1914 నాటి పంజాబ్ ఎక్సైజ్ చట్టం నిబంధన 2007లో అనూజ్ గార్గ్ కేసు దాకా సుప్రీంకోర్టులో నలిగింది. రక్షణ పేరుతో ఉపాధి లాక్కోవడం కుదరదంది కోర్టు. ఈ మాటెత్తితే, 1992లో దూబగుంట స్త్రీలు సారా మీద పోరాడిన నేల మీద బారు ఉద్యోగాల గురించా అని స్నేహితురాళ్లు ముఖం చిట్లిస్తారు. నాకు వైరుధ్యం కనబడదు. కూలి డబ్బు ఇంటికి చేరాలనే కదా వాళ్లూ కొట్లాడింది!

నేను పది శాతం ఇస్తాను, చేతికే. బిల్లులో సర్వీస్ ఛార్జీ వేస్తే తీసెయ్యమంటాను. అది తప్పనిసరి కాదని 2022 మార్గదర్శకాలు చెప్పాయి, 2025లో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. హైదరాబాద్‌లో ఒకచోట "ఈ ఛార్జీ మీకు చేరుతుందా?" అని అడిగితే, సర్వర్ మేనేజరు వైపు చూసి నా గ్లాసులో మంచినీళ్లు పోశాడు.