ఇచ్చి పుచ్చుకోవడాలు

2013 వేసవి సెలవులకు ఎడ్మంటనులో మా అక్కయ్యగారింటికి వెళ్ళాను. కెనడాలో బాగా ఉత్తరాన ఉన్న ఊరు. జూన్ నెలలో రాత్రి పది దాటితే గాని పొద్దు గుంకదు. అంతేసి సాయంకాలాలను ఏం చేసుకోవాలో నాబోటి తెలుగు పంతులికి తోచదు. పెరటి కంచె దగ్గర కుర్చీ వేసుకుని, మా మేనల్లుడూ పక్కింటి పెద్దాయనా పోట్లాడుకుంటూంటే వింటూ కూర్చునేవాణ్ణి. వీడికి పన్నెండేళ్ళు, ఆయనకు అరవై అయిదు.

పోట్లాట ఫుట్‌బాల్ గురించి. మన కాలేజీ మైదానంలో తన్నే బంతాట అనుకునేరు, అది కాదు. కోడిగుడ్డులాంటి బంతిని చంకలో ఇరికించుకుని, పన్నెండుగురు పన్నెండుగురిని కుమ్ముకుంటూ, 110 గజాల మేర పరుగెత్తే ఆట. బంతి విసిరి ఆట నడిపేవాడు క్వార్టర్‌బాక్. పెళ్ళికి పురోహితుడెంతో ఆటకి అతను అంత. ఈ జట్లు తమ ఆటగాళ్ళను ఒకరికొకరు ఇచ్చి పుచ్చుకుంటాయి. మన కుండమార్పిడి పెళ్ళిళ్ళలాంటిదే. కాకపోతే ఇక్కడ పెళ్ళికొడుక్కి కబురు అందరికన్నా ఆఖర్న అందుతుంది.

ఎడ్మంటను జట్టు చేసిన మారుబేరాల్లో అన్నిటికన్నా చెడ్డదేది? ఇదీ తగువు. (అప్పటికి ఆ జట్టు పేరు ఎస్కిమోస్. 2021లో ఎల్క్స్ అయింది.)

పెద్దాయన జాకీ పార్కర్ పక్షం. 1954 గ్రే కప్పు పోటీలో, ఆట ఇక మూడు నిమిషాలుందనగా, మాంట్రియల్ వాళ్ళు జారవిడిచిన బంతిని అందుకుని 90 గజాలు పరుగెత్తి, ఒక్క పాయింటు తేడాతో గెలిపించినవాడు. పరుగులో అతని కాళ్ళు సేమ్యాల్లా మెలికలు తిరిగేవట. అతగాడు ఉండగా వరసగా మూడేళ్ళు కప్పు ఇంటికొచ్చింది. అలాంటివాణ్ణి 1963లో అయిదుగురు ఆటగాళ్ళకూ కొంత రొక్కానికీ టొరంటోకి ఇచ్చేశారు. ఆ తరవాత మళ్ళీ కప్పు కళ్ళచూసింది 1975లో!

"నాకప్పుడు పదిహేనేళ్ళు. ఇంటింటికీ పేపరు వేసేవాణ్ణి. ఆ కబురు నా చేతుల్తోనే గుమ్మం గుమ్మానికీ పడేశాను," అన్నాడాయన.

మావాడు ఒప్పుకుంటేనా! "పార్కర్ వెళ్ళి టొరంటోని గెలిపించాడా? మూడేళ్ళూ ఆఖరి స్థానమేగా? మరి రికీ రే?" అని లేచాడు.

రే ఆటలో పైకి రాకముందు దుకాణాలకు చిప్స్ పొట్లాలు చేరవేసిన మనిషి. ఎడ్మంటనుకి 2003లోనూ 2005లోనూ కప్పు తెచ్చాడు. 2011 డిసెంబరులో అతన్ని కూడా ఆ టొరంటోకే ఇచ్చేశారు. బదులు తెచ్చుకున్నది ఒక క్వార్టర్‌బాక్‌నీ, బంతి తన్నే ఒకణ్ణీ, కొత్తవాణ్ణి ఎంచుకునే అవకాశం ఒకదాన్నీ. మరుసటేడు టొరంటో, రేతో, ఎడ్మంటనునే 42-26తో ఇంటికి పంపి, నూరవ గ్రే కప్పు ఎగరేసుకుపోయింది.

1993లో ఈ రెండు జట్లే ఎనిమిదిమందికి ఎనిమిదిమందిని మార్చుకున్నాయిట. ఆ ఏడే ఎడ్మంటను కప్పు గెలిచింది. ఆ ముచ్చట మాత్రం కంచెకి ఇటు గాని అటు గాని ఎవరూ ఎత్తలేదు. మా డిపార్టుమెంటులోనూ అంతే లెండి. రాని ప్రమోషను గురించే మాట్లాడుకుంటాం.

నా మటుకు పెద్దాయన వైపే న్యాయం ఉందనిపించింది. పన్నెండేళ్ళ కరువు మాటలా? ఆ మాటే అన్నాను. మావాడు నావైపు తిరిగి, "మామయ్యా, రికీ రేని ఎవరైనా అడిగారా?" అన్నాడు.

"వాళ్ళని అడగరు నాయనా," అన్నాడు పెద్దాయన.

"వాళ్ళ పిల్లల్ని?"

నాకు గుండెలో కలుక్కుమంది. బావగారికి టొరంటోలో ఉద్యోగం వచ్చిందని, వెళ్ళాలా వద్దా అని తర్జనభర్జన పడుతూంటే, "పెద్ద ఊరు, మనవాళ్ళెక్కువ, సందేహమెందుకు?" అని రెండురోజుల క్రితం భోజనాల దగ్గర సలహా చెప్పింది నేనే. వీడు నిద్రపోయాడనుకున్నాం.

ఆ రాత్రి బావగారితో సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. జీతం సంగతీ ఇంటి అప్పు సంగతీ చెప్పారు. ఆగస్టులో సామాను కట్టారు. వెళ్ళేరోజు పెద్దాయన మావాడికి తన పాత ఆకుపచ్చ టోపీ ఇచ్చాడని అక్కయ్య ఫోనులో చెప్పింది.

2017 నవంబరులో ఒక పొద్దున్న మావాడి ఫోను. "మామయ్యా, రే మళ్ళీ గ్రే కప్పు గెలిచాడు!"

"అయితే మీ టొరంటో గెలిచిందన్నమాట," అన్నాను.

"రే గెలిచాడన్నాను," అన్నాడు వాడు.