అక్షరం ఇంటిపేరు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్టు మామూలుగా ఇచ్చే ఉచిత మద్దతు ముగిసింది. మా ఇంట్లోని పాత ల్యాప్‌టాప్‌కు విండోస్ 11 ఎక్కే యోగం లేదు. అది కోరే టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం ఇందులో లేదు. నిక్షేపంగా పనిచేస్తున్న యంత్రాన్ని పాతసామాన్లవాడికి వేయడానికి మనసొప్పక, లినక్స్ మింట్ స్థాపిద్దామని ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చున్నాను.

మా అబ్బాయికి ఉన్న సందేహం ఒక్కటే: "నాన్నా, నా ఆటలు ఆడతాయా?" వాల్వ్ సంస్థ 2018లో ప్రోటాన్‌ను విడుదల చేసిన నాటినుంచి విండోస్ ఆటలు చాలావరకు లినక్సులోనూ నడుస్తున్నాయి. మోసగాళ్ళను పట్టే కాపలా పెట్టుకున్న కొన్ని పోటీ ఆటలు మాత్రం మొరాయిస్తాయి. ఆ మాటే వాడికి చెప్పి పని మొదలుపెట్టాను. నాలుగు మెట్లు దాటాక తెరమీద ఆ ప్రశ్న ప్రత్యక్షమయింది: డిస్కు మొత్తాన్ని తుడిచి స్థాపించాలా?

చెయ్యి ఆగిపోయింది. ఎందుకో చెప్పాలంటే 2007కు వెళ్ళాలి.

ఆ రోజుల్లో ఉబుంటు సీడీని అడిగినవారికల్లా ఉచితంగా తపాలాలో పంపేవారు. మీలో చాలామంది తెప్పించుకునే ఉంటారు. నాకు 7.04 సంచిక వచ్చింది. అప్పుడు మా ఇంట్లో ఉన్నది 40 గిగాబైట్ల డిస్కుతో, విండోస్ ఎక్స్‌పీతో నడిచే బల్లమీది కంప్యూటరు. దానిని నాకంటే ఎక్కువగా వాడేది మా నాన్నగారు. తెలుగు ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి, కృష్ణా డెల్టాలోని తమ ఊరి సంగతులు రాసుకుంటూ ఉండేవారు.

ఎక్స్‌పీలో తెలుగు సరిగ్గా కనిపించాలంటే సంక్లిష్ట లిపుల పెట్టెలో టిక్కు పెట్టి, సీడీ వేసి, ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి. ఆ తంతు నేను ముగించగానే గౌతమి ఖతిలో అక్షరాలు నిలబడ్డాయి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో అచ్చులన్నీ ఎడమచేతికీ, హల్లులు కుడిచేతికీ రావడం చూసి ఆయన ముచ్చటపడ్డారు. "దీన్ని కూర్చినవాడికి వర్ణమాల వచ్చురా" అన్నారు. నెలరోజులు తిరిగేసరికి నాకంటే వేగంగా కొట్టసాగారు.

మొదటిరోజు ఒక పొరపాటు జరిగింది. నోట్‌ప్యాడు తనంతట తాను చూపించిన ఆన్సీ పద్ధతిలోనే దస్త్రాన్ని భద్రపరిచారు. మర్నాడు తెరిస్తే రెండు పుటల నిండా ప్రశ్నార్థకాలే. "నా రాతలో ఇన్ని సందేహాలున్నాయని నాకే తెలియదు" అని నవ్వి, అదంతా మళ్ళీ రాశారు. భద్రపరిచే ముందు యూటీఎఫ్-8 అన్నదాన్ని ఎంచుకోవాలని ఆనాడు నేర్చుకున్నవారు మరి మరచిపోలేదు. ఏరోజుకారోజు తేదీ వేసి కొత్త దస్త్రం చేయమని కూడా చెప్పాను. చేసేవారు. కానీ ఆయనది శుభ్రమైన చెయ్యి. కొత్తది తయారవగానే పాతదాన్ని తీసిపారేసేవారు.

ఇక నా ఘనకార్యం. ఉబుంటు స్థాపించేటప్పుడు విండోస్ విభాగాన్ని కుదించి, మిగిలిన చోటు వాడుకోమని చెప్పాలి. నేను పైనున్న వరుసను చదవకుండానే ముందుకు నొక్కాను. అది డిస్కు మొత్తాన్ని వాడుకోమనే వరుస. తెలిసివచ్చేసరికి కొత్త విభాగాన్ని ఈఎక్స్‌టీ3 పద్ధతిలో చదును చేయడం సాగుతోంది. కంగారులో కరెంటు తీగ పీకేశాను. అప్పటికి నాన్నగారు పక్కగదిలో మధ్యాహ్నం కునుకులో ఉన్నారు. ఎనిమిది నెలల రాత, వేరే ప్రతి లేదు. నలుగురికీ ప్రతులు ఉంచుకోండని చెప్పే పెద్దమనిషిని నేనే.

డిస్కుమీద దస్త్రం పోవడం, పుస్తకం కాలిపోవడం ఒకటి కాదు. గ్రంథాలయంలో పట్టిక చింపేస్తే పుస్తకాలు అలమరల్లోనే ఉంటాయి గదా, అలాంటిది. వాటిమీద వేరేవి పెట్టనంతకాలం అవి పదిలమే. అదే సీడీని లైవ్‌గా నడిపి, టెస్ట్‌డిస్క్ అనే సాధనం తెచ్చి వెతికించాను. పాత విభాగం మొదలెక్కడో, తుది ఎక్కడో అది పట్టుకుంది గానీ, లోపలి దస్త్రాల జాబితా అప్పటికే చెడింది. పేర్లు లేవు. పేర్లు లేని పుస్తకాన్ని ఎలా వెతకడం?

అర్ధరాత్రి దాటాక తట్టింది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అక్షరానికీ మూడు బైట్లు. వాటిలో మొదటి రెండూ ఎప్పుడూ ఒక్కతీరే: పదహారంకెల లెక్కలో ఈ-సున్న, బి-సున్న, కాకుంటే ఈ-సున్న, బి-ఒకటి. మూడవ బైటు మాత్రమే ఏ అక్షరమో చెబుతుంది. అంటే తెలుగక్షరం ఎంత శిథిలంలో పడి ఉన్నా ఇంటిపేరు పోగొట్టుకోదు. ఆ ఇంటిపేరుతో డిస్కు ఆ చివరినుంచి ఈ చివరికి గ్రెప్ ఆదేశంతో జల్లెడ పట్టి, దొరికినదాన్నల్లా పెన్‌డ్రైవులోకి వంచాను.

తెల్లవారేసరికి తునకలు దొరికాయి. నేను ఎప్పుడో చదివిన తెలుగు వికీపీడియా పుటల మధ్య మా ఊరి చెరువు, తాతగారి పంచాంగం, 1977 నవంబరు ఉప్పెన రాత్రి, అన్నీ చెల్లాచెదురుగా ఉన్నాయి. కొన్ని పుటలు చదునులో కొట్టుకుపోయాయి. కొన్ని రెండుమూడేసిసార్లు వచ్చాయి. మొదట అర్థం కాలేదు. ఆయన తీసిపారేసిన పాత దస్త్రాల అవశేషాలవి. వాక్యం వాక్యం పోల్చి, ఏది చివరి రూపమో తేల్చి అతకవలసివచ్చింది.

అలా పోల్చుతుంటేనే ఒక చోట, తరువాతి ప్రతుల్లో లేని పేరా కనబడింది. కాలువగట్టు పక్కనున్న అరెకరం 1996లో అమ్మిన సంగతి. ఆ పొలం ఉమ్మడి అప్పు కింద పోయిందని ఇంట్లో అందరం అనుకునేవాళ్ళం. నేను ఇంజనీరింగులో చేరిన ఏడు అది. "వాడికి తెలియనక్కరలేదు. తెలిస్తే చదువుమీద ఉండదు, అరెకరం మీద ఉంటుంది ధ్యాస" అని రాసి, ఆ తరువాత ఎప్పుడో ఆ పేరా మొత్తం తుడిచేశారు.

ఉదయం కాఫీ వేళకు జరిగిందంతా ఆయనకు చెప్పాను, ఆ పేరా సంగతి తప్ప. పోయిన పుటలు ఏవేవో అడిగారు. "మళ్ళీ రాస్తాలే. రెండోసారి రాస్తే పొల్లు పోతుంది" అన్నారు. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. నేను అతికి ఇచ్చిన ప్రతిలో ఆ పేరా లేదు. ఆయన తుడిచినదాన్ని తిరిగి అతికే హక్కు నాకెక్కడిది?

కొత్త యంత్రంలో ఆయనకు కలిగిన లోటు ఒక్కటే. "పేకాట ఏదిరా?" విండోస్ సాలిటేర్ ఒక్కటే ఎరిగిన ఆయనకు గ్నోమ్ ఆటల్లోని ఐల్‌రాయట్ తెరిచి చూపిస్తే, అందులో పదుల కొద్దీ రకాలు చూసి, ఏమీ నచ్చక, పాతదాని వంటి క్లాండైక్ దగ్గరే స్థిరపడ్డారు. పోయిన పుటల్లో సగం దాకా తిరిగి రాశారు. 2011లో కాలం చేశారు.

ఆ దస్త్రం ఇప్పటికీ ఉంది. ఈ ఏటి మింట్‌లో కూడా తెరవగానే తెలుగు తెలుగులాగే నిలబడింది. అంతకు పూర్వం ఆయన ఊళ్ళో డీటీపీ చేయించిన వ్యాసాలేమో ఆ ఖతి లేక, ఆంగ్లాక్షరాల గందరగోళంగా మిగిలాయి. ఇంటిపేరున్న అక్షరానికీ, అద్దె ముసుగు వేసుకున్న అక్షరానికీ ఉన్న తేడా అది.

మా అబ్బాయి భుజం తట్టాడు: "ఏమయింది నాన్నా, నొక్కవేం?" రద్దు నొక్కి బయటికి వచ్చి, ముందు బయటి డిస్కుకు అన్నీ ఎక్కించాను. రెండో ప్రతి కూడా తీశాను. ఈ ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఎస్ఎస్‌డీ. తుడిచిన చోటేదో ట్రిమ్ అనే ఆదేశంతో నిర్వాహక వ్యవస్థ దానికి చెబుతుంది. అది ఆ చోటును లోలోపలే ఖాళీ చేసుకుంటుంది. ఆ తరువాత వెతికినా సాధారణంగా సున్నలే దక్కుతాయి. నాన్నగారు ఇవాళ ఇందులో రాసి తుడిచి ఉంటే ఆ అరెకరం సంగతి నాకు ఎన్నటికీ తెలిసేది కాదు. ఆయన కోరుకున్నదీ అదే.

ప్రతులు తీయడం ముగిశాక స్థాపన పూర్తిచేశాను. వాడి ఆటలు నాలుగింట మూడు నడిచాయి. నాలుగోదాని సంగతి చూస్తానన్నాను. వాడిని ఏ చదువులో చేర్చాలా అని ఇంట్లో మాటలు జరుగుతున్న రోజులివి. ఏది అమ్మవలసివచ్చినా వాడికి చెప్పాలో లేదో, నేనింకా తేల్చుకోలేదు.