బందోల్ ద్రాక్షతోటలు

మద్యపాన నిషేధమును మనసార గోరు పక్షమువారము మేము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయి దుకాణములను మూయించినపుడు న్యాయము వారిదని నమ్మితిమి. ఆ నమ్మకము నేటికిని సడలలేదు. అట్టి మేము ఫ్రాన్సుదేశపు ఎఱ్ఱ ద్రాక్షామద్యమును గూర్చి, అందును మెచ్చుకోలుగా, వ్రాయబూనుట చూచి చదువరులలో కొందఱు మొగము చిట్లించుకొనవచ్చును. ఆసవమని మృదువైన పేరుపెట్టి తప్పించుకొనుట మాకిష్టము లేదు. అది మద్యమే. మా మెప్పు దాని వెనుకనున్న సేద్యమునకు.

మధ్యధరా సముద్రపుటొడ్డున, మార్సేయి తూలోన్ పట్టణముల నడుమ, బందోల్ అను చిన్న రేవు గలదు. దాని వెనుక కొండలు సముద్రమువైపునకు వాలియుండును. ఆ వాలులలో రైతులు సున్నము లేకుండ ఱాళ్లు పేర్చి గట్లు కట్టి, గట్టునకును గట్టునకును నడుమ కొలదిపాటి మట్టిని నిలిపి, ద్రాక్షను పెంచుచున్నారు. ఈ మెట్లపొలములను అచ్చట రెస్తాంకులందురు. పెద్దవాన కొట్టెనా, ఎచ్చటనో యొకచోట గట్టు జాఱును, మరల పేర్చవలెను. తాత కట్టినదానిని మనుమడు సవరించుచుండవలసినదే.

ఇచ్చటి ముఖ్యమైన ద్రాక్ష మూర్వేద్ర్. ఇంతగా రైతును ఏడిపించు తీగె మఱియొకటి లేదేమో! తక్కిన రకములు కోతకు వచ్చిన పిమ్మటగాని యిది పండదు. దీనికి తలపై ఎండయు, కాళ్లక్రింద నీరును ఉండవలెనని ప్రొవాన్సు సీమవారు చెప్పుకొందురు. దిగుబడి స్వల్పము. తొక్క దళసరి; దానివలన వచ్చు వగరు క్రొత్తమద్యమును నోట బెట్టనీయదు. అయినను ఆ వగరే దానికి దీర్ఘాయువు నిచ్చుచున్నది. ఏండ్లు గడచిన కొలది వగరునిచ్చు పదార్థములు ఒకదానితో నొకటి కూడుకొని, బరువెక్కి, మడ్డియై సీసా యడుగునకు దిగును. నల్లని యూదారంగు ఇటుకరంగునకు తిరుగును. పండువాసన వెనుకబడి, తోలును, తడిసిన యడవినేలను, పుట్టగొడుగులను తలపించు వాసనలు పుట్టునని తెలిసినవారు చెప్పుదురు. మంచి యేటి పంట ఇరువదియేండ్లు నిలుచును. మన తాటికల్లు ఉదయము దించినది సాయంకాలమునకే పులిసిపోవును గదా!

ఈ తీగె యొకప్పుడు బందోల్‌లో నశింప సిద్ధమైనది. 1860 తరువాత అమెరికానుండి వచ్చిన ఫిలాక్సెరా అను సూక్ష్మమైన పేను ఫ్రాన్సు తోటల వేళ్లను పట్టి పాడుచేసెను. కడకు అమెరికా తీగెల వేరుపై ఫ్రాన్సు తీగెలను అంటుకట్టుటయే ఉపాయమైనది. మూర్వేద్ర్ ఆ యంటునకు సులభముగ లొంగలేదు. నష్టపడిన రైతు త్వరగ పండి విరివిగ కాయు రకములను నాటుకొనెను. అతనిని నిందింప మాకు నోరాడదు. అప్పులవాడు వాకిట నిలిచియుండగా ఇరువదియేండ్ల తరువాతి రుచిని గూర్చి యెవడు తలపోయును?

1936లో లూసియెన్ పెయిరో అనునాయన లూసీ తాంపియే అనునామెను వివాహమాడెను. మామగారు ఆయనకు తెగులునకు పూర్వమునాటి మూర్వేద్ర్ మద్యపు సీసా నొకదానిని ఇచ్చెననియు, దానిని రుచిచూచినది మొదలు ఆ తీగెను మరల నిలుపవలెనని ఆయన పట్టుబట్టెననియు చెప్పుదురు. ఆయనయు తోటి రైతులును కలిసి పాటుపడగా, 1941 నవంబరు 11వ తేదీన, దేశము యుద్ధమున ఓడి సగమునకు పైగా జర్మనుల వశమైయున్న దినములలో, బందోల్ పేరునకు ప్రత్యేకమైన చట్టము ఏర్పడినది. చిత్రమేమన, దానిని కోరినవారు రైతులే, అది కట్టివేసినదియు రైతుల చేతులనే. నేటి నియమముల ప్రకారము హెక్టారునకు 4,000 లీటర్లకు మించి తీయరాదు. కోత చేతితోనే సాగవలెను. ఎఱ్ఱమద్యమును కనీసము 18 నెలలు కొయ్యపీపాలలో నుంచవలెను. మూర్వేద్ర్ పాలు మొదట స్వల్పముగా విధించి క్రమముగా పెంచిరి. నేడది సగమునకు తగ్గరాదు. ఎక్కువ పండింతుమని ప్రభుత్వమును సాయమడుగు సంఘములను మేమెఱుగుదుము. తక్కువ పండింతుము, మమ్ము కట్టడిచేయుడని యడిగినవారు అరుదు.

లూసీగారు చేయి తిరిగిన వంటగత్తె. అతిథులకు వడ్డించుటలో పేరుపొందినది. ఆమె 2020లో, 102 ఏండ్ల వయసున మరణించెను. ఆ యాయువు ద్రాక్షామద్యపు చలవయేనని యనువారు లేకపోలేదు. ఒక్క జీవితముతో వైద్యశాస్త్రము తీర్మానము కాదు. మద్యమున నిరపాయమైన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023లో ప్రకటించినది. పీపాలో ఎంతకాల మూరినను మద్యమునకు ఆ మాట వర్తించును.

నేడు బందోల్‌లో అధికభాగము రోజారంగు మద్యమే. అది కోత తరువాతి వసంతముననే అంగడికెక్కి, వేసవికి సముద్రతీరము చేరు యాత్రికుల బల్లలపై చెల్లిపోవును. సొమ్ము వెంటనే చేతికి వచ్చునపుడు, పీపాలకును కొట్టుగదులకును పెట్టుబడి పెట్టి, కోసిన పంటపై రెండేండ్లు రాబడి లేకుండ కూర్చుండుమని రైతునకు ఎవరు చెప్పగలరు? అయినను చెప్పువారు లేకయే కొందఱు కూర్చుండుచున్నారు.

ఆ శ్రమ మద్యమునకు గాక మఱియొకదానికి వినియోగపడియున్న యెడల మా సంతోషమునకు కొఱత యుండెడిది కాదు. కాని యా ఱాతినేలలో గోధుమ పండదు. ద్రాక్షయు, దాని ప్రక్కన ఆలివుచెట్టును పండును. కొన్ని గట్లపై అవి రెండును నేటికిని కలిసియే యున్నవి.