మేము పంపిన మెసేజ్



మొన్న బుధవారం మన ఈపూరు సహోదరి ఒకామె తొమ్మిది నెలలు నిండిన బాబును ప్రార్థన కోసం మందిరానికి ఎత్తుకొచ్చింది. "తట్టు, రుబెల్లా టీకా వేయించావా అమ్మా?" అని అడిగాము. ఆశా వర్కర్ రెండుసార్లు ఇంటికొచ్చి పిలిచినా వెళ్లలేదట. ఫోనులో ఒక వీడియో చూపించింది. ఆ సూది వేస్తే పిల్లలకు పెద్దయ్యాక సంతానం కలగదని అందులో ఎవరో చెబుతున్నారు. అది అబద్ధమన్నాము. ఆమె తల వంచుకొని, "కరోనా టీకా ముద్ర అని అప్పుడు మీరే గదా అయ్యగారూ గ్రూపులో పెట్టింది?" అంది.

మాకు నోట మాట రాలేదు. నిజమే. 2021లో ఆ టీకాను ప్రకటన గ్రంథం 13వ అధ్యాయంలోని ముద్రతో ముడిపెట్టిన మెసేజ్ ఒకటి వస్తే, భయపడి, విచారించకుండా సంఘానికి పంపాము. తర్వాత తప్పు తెలుసుకొని మేమూ టీకా వేయించుకున్నాము. కాని ఆ సంగతి మీతో చెప్పడానికి నామోషీ పడ్డాము. ఆ అధ్యాయం ఎవరిని ఆరాధిస్తామన్నదాని గురించి. పసిబిడ్డకు వేసే సూది గురించి కాదు. మమ్మల్ని క్షమించండి.

తట్టు చిన్న జబ్బు కాదు. గాలిలో పాకుతుంది. నెమ్ము చేసి ప్రాణం మీదికి తేగలదు, చూపు తీయగలదు. 2017 ఆగస్టులో మన రాష్ట్రంలో తొమ్మిది నెలల నుండి పదిహేనేళ్ల లోపు పిల్లలకు ఈ టీకా వేశారు. ఆనాటి పెద్ద పిల్లలలో కొందరు ఈరోజు తల్లిదండ్రులై తమ బిడ్డలను ఎత్తుకొస్తున్నారు. ఆ వీడియోకు ఇంతకంటే జవాబేముంది?

హిజ్కియా ప్రార్థించాడు, దేవుడు విన్నాడు. అయినా పుండు మీద అంజూరపు ముద్ద పెట్టించుకున్నాడు. 1883లో గుంటూరు వచ్చిన మిషనరీ డాక్టర్ కుగ్లర్ అమ్మగారు కూడా సువార్తనూ మందునూ వేరు చేయలేదు.

తొమ్మిదవ ఆజ్ఞ మెసేజ్ పంపే వేలికి కూడా వర్తిస్తుంది. భయం పుట్టించే మాట వస్తే ముందు ఏఎన్ఎమ్మునో, డాక్టరునో అడుగుదాం.

ఆ సహోదరి, "ఆలోచిస్తాను అయ్యగారూ" అని వెళ్లింది. వచ్చే బుధవారం తోడు వస్తామన్నాము. ఆ బిడ్డ కోసం, మా నోటికి కావలి కోసం ప్రార్థించండి. ఆమేన్.