నిజామాబాదు నేల – నాగలి మేలు కీడులు

మేము చైత్రమాసాంతమున నిజామాబాదు పట్టణమునకు పోయితిమి. దీని పూర్వనామము ఇందూరు. ఇచ్చట కొండపై పాతకోటయు, అందొక రామాలయమును గలవు. వానిని దర్శించితిమి గాని మా ప్రయాణోద్దేశము వేరు. మన వంటయిండ్లకు పసుపును, బియ్యమును, చిరకాలము చక్కెరను పంపిన ప్రాంతమిది. ఇచ్చటి నేల యిప్పుడెట్లున్నది, దానిని దున్ను రీతికిని పైరుల తెగుళ్ళకును గల సంబంధమేమి యని తెలిసికొనగోరితిమి. భూమి గల యిండ్లలో ఇల్లాండ్రకు ఈ విషయము పరాయిది కాదు. విత్తనము దాచుట, నాటు వేయుట, కలుపు తీయుట పెక్కుచోట్ల స్త్రీల పనులే గదా!

మొదట వ్యవసాయ మార్కెట్టునకు పోయితిమి. 2025 జనవరిలో ప్రారంభమైన జాతీయ పసుపు బోర్డునకు ఈ పట్టణమే ప్రధానస్థానము. రాశుల నడుమ కొందరు స్త్రీలు కొమ్మును, మండను వేరుచేయుచుండిరి. పంట యెట్లున్నదని మేమడుగగా, ఒక వృద్ధురాలు, “మందు పోసినా ఆగలేదు బిడ్డా. నీళ్ళు నిలిచిన జాగలనే దుంప మురిగింది” అని చెప్పినది.

ఆ మాటలో శాస్త్రమున్నది. దుంపకుళ్ళునకు కారణమగు వానిలో పిథియము అను బూజు ముఖ్యము. దాని బీజములు నీటిలో ఈదగలవు. నేలలో నీరు నిలిచినచో ఒక వేరునుండి మరియొక వేరునకు ఈదిపోవును. నీరింకి గాలి యాడు చోట దాని వ్యాప్తి తగ్గును. కావున తెగులునకు మందు వెదకుటకు ముందు, నీరేల నిలిచినదో విచారింపవలెను.

ఆ విచారము మమ్ము బోధనునకు గొనిపోయినది. బోధను పట్టణము నిజామాబాదునకు పడమటగా సుమారు 25 కిలోమీటర్ల దూరమున నున్నది. మంజీరా నదిపై 1923లో ఆరంభించి 1931లో ముగించిన నిజాంసాగరపు కాలువలు ఈ నల్లరేగళ్ళను మాగాణులుగా మార్చినవి. దానిని నిర్మించిన ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగు బహద్దరు. ఆ నీటి యండతో చెరకు పెరిగినది. 1937లో నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. శక్కర్‌నగరు అను పేట యేర్పడినది. ఒకప్పుడు ఆసియాలోనే మిక్కిలి పెద్దదని పేరుగన్న ఆ కర్మాగారము 2002లో ప్రైవేటు యాజమాన్యము క్రిందికి పోయి, 2015 డిసెంబరులో మూతపడినది. చెరకును కొనువారు కరవగుటచే అనేకులు వరికి మరలిరి.

పైరు మారగా దుక్కియు మారినది. వరికి దమ్ము చేయుదురు. దమ్మనగా మట్టిని బురదగా నలిపి, అడుగున నీరింకని పొర కట్టించుట. వరికిది హితము, నీరు నిలుచును, కలుపు తగ్గును. కాని యేటికి రెండు మారులు దమ్ము, తడినేలపై బరువైన కోతయంత్రము, మరల పైపైన తిరుగు రోటవేటరు—ఈ మూటిచేత జానెడు లోతున నేల గచ్చువలె గట్టిపడును. పైమన్ను పిండివలె నుండుటచే దుక్కి బాగున్నదనిపించును. క్రిందికి వేరు దిగదు, నీరు దిగదు. అట్టి మడిలో మరుసటి యేట పసుపో, చెరకో పెట్టినచో వాననీరు ఆ పొరపై నిలుచును. మార్కెట్టులో విన్న మాటకు అర్థమిచ్చట గోచరించినది. వరికిని ముప్పు లేకపోలేదు. పాముపొడ తెగులును కలిగించు బూజు చిన్న గింజలుగా నేలలో దాగి, దమ్ము నీటిపై తేలివచ్చి, క్రొత్త దుబ్బుల నంటుకొనును.

దారిలో కొయ్యకాళ్ళను కాల్చిన పొలములను గూడ జూచితిమి. మంటతో తెగులు కొంత నశించుట నిజమే. కాని నేలకు అన్నమగు గడ్డి పొగయైపోవును. అందలి నత్రజనియు పోవును. చెడు బూజుల నణచు ట్రైకోడెర్మా వంటి మంచి బూజులు ఆ కుళ్ళిన గడ్డి నాశ్రయించియే బ్రదుకును. వానిని పస్తుంచి, పిదప అంగడిలో పొట్లముగా కొని తెచ్చి చల్లుట యేమి పొదుపు?

చెరకు సంగతి కొంత వేరు. ఎర్రకుళ్ళు సోకిన చెరకునకు పైనుండి మూడవ, నాలుగవ ఆకులు పసుపువన్నెగా మారి యెండును. గడను చీల్చినచో లోపల ఎఱుపును, దానికడ్డముగ తెల్లని మచ్చలును, పులిసిన వాసనయు నుండును. ఈ తెగులు ప్రధానముగ విత్తనపు ముచ్చెల వెంట వచ్చును. అది ముచ్చెలో నుండగా ఎంత దున్నినను ఫలము లేదు. అట్టి తోటను కార్శికి వదలరాదు. దుబ్బులను పెకలించి కాల్చి, పైరు మార్చవలెను. తెగులులేని తోటలో మాత్రము ఎండుటాకును కాల్చక సాళ్ళ నడుమ పరచినచో తేమ నిలుచును, నేల బలియును.

అట్లయిన నాగలి మేలా, కీడా? అమెరికాలో 1930లలో గడ్డినేలలను విచ్చలవిడిగ దున్నుటచేతను, వానలు లేమిచేతను, పైమన్ను ధూళియై యెగిరిపోయినది. అటుపిమ్మట 1943లో ఎడ్వర్డు ఫాక్నరు అను నాతడు రెక్కనాగలియే తప్పని గ్రంథము వ్రాసెను. అదియే వేదవాక్యమని మనము గ్రహింపనక్కరలేదు. నిజామాబాదు వేసవిలో 45 డిగ్రీలను దాటు దినములును గలవు. ఆ యెండలో ఒకమారు లోతుగా దున్ని పెళ్ళలు తిరుగవేసినచో, దాగిన పురుగుల కోశములును, బూజు గింజలును చాలవరకు మాడును. మిగిలినవానిని పక్షులు ఏరుకొనును. గట్టిపొరను పగులగొట్టుటకు రెండు మూడేండ్లకొకసారి ఉలినాగలి చాలును. తరచుగ దున్నుటయు, తడిలో దున్నుటయు నేలకు కీడు.

నల్లరేగడిలో నీరు నిలువకుండుటకు ఉపాయము దూరమున లేదు. 1972లో పటాన్‌చెరువులో స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థ వెడల్పైన యెత్తుమళ్ళును, నడుమ కాలువలును వేయు పద్ధతిని ఇట్టి నేలలకే తీర్చిదిద్దినది. పసుపునకును ఎత్తుమళ్ళు మేలు. రుద్రూరులో చెరకు, వరి పరిశోధన స్థానమును, కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన స్థానమును గలవు. సలహా నచ్చట పొందవచ్చును.

సోదరీమణులారా, దుక్కి మగవారి పని యని మనము మిన్నకుండదగదు. మడిలో మూరెడు గుంత త్రవ్వించి చూడుడు. జానెడు లోతున పలుగు ఖంగున మ్రోగినచో గట్టిపొర కలదు. పిడికెడు మన్ను పిసికి నేలపై విడువుడు. ఉండ చెదరినచో పదునున్నది. ముద్దవలె నిలిచినచో ఆ దినము దున్నింపరాదు. వాన మొదలుకాగానే జీలుగయో, జనుమో చల్లించి, పూతకు ముందే కలియదున్నించుడు. పసుపు విత్తనము నేరునపుడు మెత్తబడిన కొమ్మును, చెరకు ముచ్చెలు కొట్టునపుడు ఎఱ్ఱబారిన గడను నిర్దాక్షిణ్యముగ పారవేయుడు. ట్రాక్టరు వాకిటికి వచ్చినపుడు గంట కెంత కిరాయి యని మాత్రమే గాక, పదునున్నదా, ఎంత లోతు దున్నెదవని కూడ అడుగుడు. ఆ ప్రశ్నకు ఖర్చు లేదు. అడుగకున్న నష్టము మాత్రము ఏడాది పంట.