సైరన్ ఆపే పని, మా నోటుబుక్కు

పోస్టు కొంచెం పెద్దగానే ఉంటది, టైం ఉన్నప్పుడు చదవండి. చదువుకుంటూ చేసుకునే పని ఏదైనా చెప్పమని జూనియర్లు అడుగుతున్నారు కాబట్టి మా పని గురించి రాస్తున్నాం.

మేం ఉప్పల్‌లో హాస్టల్లో ఉంటాం. రూమ్‌లో ముగ్గురం. ఇద్దరం లంబాడోళ్ళం, ఒకడు ఎరుకల. మా మూడు ఇళ్ళల్లోనూ కాలేజీ గేటు దాటింది మేమే మొదలు. ఆదివారాలు, ఖాళీ ఉన్న సాయంత్రాలు నాచారంలో ఒక కార్ డెకార్ షాపులో పని చేస్తాం. సీటు కవర్లు, స్టీరియోలు ఎవరైనా బిగిస్తారు. మాకు పని నేర్పింది మాత్రం అలారాలు. కంపెనీతో వచ్చినవి కాదు, కారు కొన్నాక బయట పెట్టించుకున్నవి.

వానలు మొదలైతే ఫోన్లే ఫోన్లు. "రాత్రి మూడింటికి కారు దానంతటదే మోగుతుంది, అపార్ట్‌మెంటోళ్ళు తిడుతున్నారు" అని. దొంగ ఎవడూ ఉండడు. బానెట్ కింద చిన్న పిన్ స్విచ్ ఉంటది. అందులో నీళ్ళు చేరి తుప్పు పడితే, బానెట్ ఎవరో ఎత్తారని అలారం అనుకుంటది. స్విచ్ మారిస్తే అయిపోయె. పక్కనుంచి లారీ పోతే చాలు మోగుతుందంటే అది షాక్ సెన్సర్. దాని మీదున్న స్క్రూ కొంచెం తిప్పి తగ్గించాలి. నాచారం ఇండస్ట్రియల్ ఏరియా పక్కన ఉండేవాళ్ళకు ఇది మామూలే.

రిమోట్ పని చేయట్లేదంటే ముందు దాని సెల్ చూడండి. నవ్వొస్తది గాని, సెల్ అయిపోయిన రిమోట్ కోసం కారునే లాక్కొచ్చిన వాళ్ళున్నారు. తర్వాత కారు బ్యాటరీ. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు మీటర్ 12.6 వోల్టుల దాకా చూపిస్తే ఫుల్లు. 12 కంటే బాగా కిందికి పోతే అలారం పిచ్చిపిచ్చిగా చేస్తది. ఆ తర్వాతే ఎర్త్ వైరు, రిలే.

రిమోట్ స్టార్టర్‌తో మాత్రం జాగ్రత్త. మన దగ్గర చాలా కార్లు చేత్తో గేరు వేసేవే. గేర్లో పెట్టి ఆపిన కారుకు పైనుంచి బటన్ నొక్కితే అది ముందుకు దూకుతది. ముందు పిల్లలుంటే? ఇంకోటి, తాళంచెవిలో ఉండే చిప్పు దగ్గర లేకపోతే కారు స్టార్ట్ కాదు కదా, అందుకని కొందరు రెండో తాళంచెవి చిప్పును డ్యాష్‌బోర్డు లోపలే దాచిపెడతారు. కంపెనీ ఇచ్చిన కాపలాను మనమే డబ్బులిచ్చి తీయించుకున్నట్టు. మేం వద్దనే చెప్తాం.

అలారం పూర్తిగా చచ్చిపోతే కొన్ని కార్లు స్టార్టే కావు. అప్పుడు దాన్ని పీకేసి, బిగించేటప్పుడు కోసిన వైరును మళ్ళీ ఎప్పటిలా కలిపి టంకం వేస్తాం. షాపులో దీన్నే బైపాస్ అంటారు. కాపలా పెట్టడం తెలిసినోడికి తీయడమూ తెలుస్తది. మాకు కష్టం వచ్చింది ఇక్కడే.

పోయినేడు ఒక రాత్రి, ఉప్పల్‌లోనే ఒక కాలనీలో సైరన్ ఆపడానికి ఇద్దరం పోయినం. ఓనరు ఆర్‌సీ తెస్తానని పైకి పోయిండు. మేం బానెట్ దగ్గర టార్చి పట్టుకుని నిలబడ్డాం. కాలనీవాళ్ళు ముగ్గురు వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఏ ఊరు అన్నారు, తర్వాత ఏ కులం అన్నారు. మావాడు దాచలేదు, ఎరుకల అన్నాడు. ఒకాయన నవ్వి "స్టువర్టుపురమా?" అన్నాడు. మావాడిది నల్గొండ జిల్లా. బాపట్ల దగ్గరున్న ఆ ఊరిని వాడు సినిమాలో తప్ప చూడలేదు. ఓనరు దిగొచ్చి "నేనే పిలిచిన" అన్నాకే వదిలారు.

ఆ రాత్రి రూమ్‌లో ఫోన్లు పట్టుకుని చదివాం. 1871లో బ్రిటిషోళ్ళు క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చారు. 1911లో మార్చిన చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. కులాలకు కులాలనే పుట్టుకతో నేరస్తులని రాసి, వేలిముద్రలు తీసి, పోలీసుల దగ్గర హాజరు వేయించారు. ఎరుకలవాళ్ళు అందులో ఉన్నారు. స్టువర్టుపురం సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంటు. 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. 2023లో కూడా 'టైగర్ నాగేశ్వరరావు' సినిమా వచ్చింది, ఆ ఊరి దొంగ కథే. ఆ ఊళ్ళో చదువుకుని ఉద్యోగాలు చేసేవాళ్ళ మీద సినిమా ఎవరు తీస్తారు?

అప్పటినుంచి నోటుబుక్కు పెట్టాం. ఆర్‌సీ, ఓనరు గుర్తింపు కార్డు, తాళంచెవి మూడూ చూసి, చాసిస్ నంబరు కలిసిందా చూసి, తేదీ వేసి సంతకం పెట్టించుకున్నాకే చెయ్యి పెడతాం. మొన్న ఒకడు ఫ్రెండ్ కారని తెచ్చి, కాగితాల్లేకుండా అలారం తీస్తే మూడు వేలిస్తానన్నాడు. ఫ్రెండ్‌నే రమ్మన్నాం. మళ్ళీ రాలేదు.

మా ఎరుకల తమ్ముడికి ఈ బుక్కు నచ్చదు. "మిగతా మెకానిక్‌లు రాస్తున్నారా? మనమే ఎందుకు రాయాలె?" అంటాడు. దానికి మా దగ్గర జవాబు లేదు. ఆర్‌సీ అందరూ చూడాల్సిందే గాని, మేం భయంతో చూస్తున్నాం, వాళ్ళు చూడకపోయినా నడుస్తుంది. ఈ మాట మీద రూమ్‌లో రెండుసార్లు గొడవైంది. రాయడం మాత్రం వాడే రాస్తాడు, మా ముగ్గుర్లో అక్షరాలు వాడివే బాగుంటాయి.

పని నేర్చుకోవాలనుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఆదివారం పది తర్వాత రావొచ్చు. ఉప్పల్ రింగ్ రోడ్డులో దిగి గ్రూపులో మెసేజ్ పెట్టండి, ఎవరో ఒకరం వస్తాం. మీటర్ కొనకండి, మా దగ్గర రెండున్నాయి.