వంశావళి ఉన్న కంప్యూటర్‌లో దొంగ

మా బరంపురం ఇంట్లో కంప్యూటర్ ఒక్కటే, అది అందరిదీ. పెదనాన్నగారి పెన్షను లెక్కలు, పిల్లల చదువులు, కరెంటు బిల్లులు అన్నీ దాంట్లోనే. వీటన్నిటికంటే మాకు ముఖ్యమైంది ‘వంశావళి’ అన్న ఫోల్డరు. 1936లో ఒడిశా ఏర్పడి గంజాం అందులో కలిసేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నవాళ్లం కదా, మా కాగితాలు అటూ ఇటూ చెదిరిపోయాయి. పెదనాన్నగారు వాటిని పోగుచేసి, ఆరు తరాల పేర్లు తెలుగులో టైపు చేసి పెట్టారు. మామ్మ చెప్పిన పెళ్లి పాటల రికార్డింగులూ అక్కడే ఉన్నాయి.

ఆ కంప్యూటర్‌లోకి దొంగ దూరాడని మొదట తెలిసింది పెదనాన్నగారి మెయిల్ వల్ల. మేం ఎప్పుడూ వెళ్లని ఊరినుంచి ఎవరో లాగిన్ అవబోయారని హెచ్చరిక వచ్చింది. మా ఇంజనీరింగ్ గుంటడు కూర్చుని, ముందు ఇంటర్నెట్ వైరు పీకేశాడు. తర్వాత విండోస్ సెక్యూరిటీ తెరిచి ‘ఎక్స్‌క్లూజన్స్’ చూశాడు. ‘ఈ ఫోల్డరు జోలికి వెళ్లకు’ అని యాంటీవైరస్‌కి చెప్పే జాబితా అది. మామూలుగా ఇళ్లలో ఖాళీగా ఉంటుంది. మాదాంట్లో ఒక పేరు ఉంది, తెలుగు టైపింగ్ ప్రోగ్రాముది!

హార్డ్ డిస్కు మార్చినప్పుడు ఒక దుకాణంలో వేసిచ్చిన ‘ఫ్రీ’ కాపీ అది. ఆ కుర్రాడికి కూడా లోపల ఏముందో తెలిసి ఉండదనే మా నమ్మకం. ఇలాంటి కాపీలు నడవాలంటే యాంటీవైరస్ కళ్లు మూయాలి, అందుకే ఆ జాబితాలో చేరుస్తారు.

ఇక్కడ ఒక సంగతి మన తెలుగువాళ్లందరూ గమనించాలి. పాత టైపింగ్ ప్రోగ్రాము పనే మనం నొక్కే ప్రతి మీటనీ ముందు తను పట్టుకుని, తెలుగు అక్షరంగా మార్చి ఇవ్వడం. కీలాగర్ అనే గూఢచారి చేసేదీ అదే, కాకపోతే పట్టుకున్నది బయటికి పంపిస్తుంది. అందుకని ఈ వేషంలో వచ్చినవాణ్ణి అనుమానించడం కష్టం. పెదనాన్నగారు తాతల పేర్లు కొట్టినా, బ్యాంకు పాస్‌వర్డు కొట్టినా వాడికి ఒకటే.

టాస్క్ మేనేజర్‌లో విండోస్‌ వాళ్లదే అనిపించే పేరుతో ఒకటి నడుస్తోంది. కుడి మీట నొక్కి అది ఏ ఫోల్డరులో ఉందో చూస్తే, ఉండవలసిన సిస్టం 32లో కాక టైపింగ్ ప్రోగ్రాము పక్కనే ఉంది. ఎక్స్‌క్లూజన్ తీసేసి, డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టాం. విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి దొంగ దాక్కునే వీలు తక్కువ. పావుగంటలో పట్టుకుంది, తీసేసింది. మర్నాడు స్విచ్ వేస్తే మళ్లీ ప్రత్యక్షం. టాస్క్ షెడ్యూలర్‌లో తనను తిరిగి తెచ్చుకునే ఏర్పాటు చేసుకుని ఉంది మహానుభావుడు.

దాన్నీ తీసేశాం. అయినా ఒకసారి మోసం చేసిన యంత్రాన్ని ఎంతవరకు నమ్ముతాం? డిస్కు మొత్తం తుడిచి విండోస్ కొత్తగా వేద్దామన్నాడు గుంటడు. పెదనాన్నగారు ససేమిరా అన్నారు. ఆయన భయం ఊరికే కాదు. వంశావళి టైపు చేసింది యూనికోడ్ రాకముందరి తరహా ఫాంట్‌లో. ఆ ఫైలులో నిజానికి ఉన్నవి ఇంగ్లీషు గుర్తులే, పైన ఫాంట్ తెలుగు ముసుగు వేస్తుంది. ఫాంట్ పోతే ఆరు తరాలూ పిచ్చిగీతలు.

రెండు రోజులు ఇంట్లో ఇదే చర్చ. చివరికి ఫాంట్ ఉండగానే ప్రతి ఫైలునీ పీడీఎఫ్‌గా ప్రింట్ చేశాం. అప్పుడు అక్షరాల ఆకారాలు ఫైలులోనే ఉండిపోతాయి. పీడీఎఫ్‌లు, స్కానులు, పాటలు మాత్రమే పెన్ డ్రైవ్‌కి ఎక్కించాం, ప్రోగ్రాము ఒక్కటీ కాదు. ఫైలు పేర్ల చివరి తోకలు కనబడేట్టు పెట్టుకుని మరీ చూశాం, ఎందుకంటే విండోస్ వాటిని దాచేస్తుంది. ‘పీడీఎఫ్’ అని కనబడి, తోకలో ‘ఈఎక్స్‌ఈ’ ఉండేవి ఉంటాయి. ఆ తర్వాతే డిస్కు తుడిచాం.

పాస్‌వర్డులు మాత్రం ఇంతవరకు ఆగలేదు, మొదటిరోజే ఫోన్ నుంచి మార్చేశాం. దొంగ ఉన్న కంప్యూటర్‌లోనే మారిస్తే కొత్తదీ వాడి చేతికే. బ్యాంకుకీ చెప్పాం. డబ్బు పోలేదు గానీ, పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యమైన కొద్దీ దొరకదు.

ఇంతకీ ఆ ప్రోగ్రాము అవసరమే లేదు. 2019 నుంచి విండోస్ 10లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది, ఒడియాదీ ఉంది. పెదనాన్నగారు పీడీఎఫ్ పక్కన పెట్టుకుని, యూనికోడ్‌లో మళ్లీ కొడుతున్నారు. ఇప్పటికి మూడో తరం అయింది. బండి ‘ఱ’ ఎక్కడుందో దొరకడంలేదని రోజూ విసుక్కుంటున్నారు.